పాత పోర్షే కేమనా, మియాటానా: రోజూ ఆఫీసుకి ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరుండేది డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో, ఆఫీసు లాస్ కొలినాస్‌లో, వారానికి మూడు రోజులు వెళ్లాలి, ఒకవైపు పాతిక మైళ్లు. ఇంట్లో టయోటా ఆర్ఏవీ4 ఉంది, అది మీ ఆవిడ నడుపుతారు, పాపని డేకేర్‌లో దింపేది కూడా ఆవిడే. మీకోసం ఒక స్పోర్ట్స్ కారు కొనాలనుకుని, అంతా కలిపి 30 వేల డాలర్లు దాటకూడదని గీత గీసుకుని, రెండు బండ్ల దగ్గర ఆగిపోయారు. ఒకటి 2010 పోర్షే కేమన్, 2.9 లీటర్ల ఇంజిన్, మాన్యువల్, 78 వేల మైళ్లు తిరిగింది, 29 వేలు అడుగుతున్నారు. రెండోది 2019 మజ్దా మియాటా, క్లబ్ అనే రకం, అదీ మాన్యువలే, 41 వేల మైళ్లు, 22 వేలు. రోజూ నడపడానికి ఏది మంచిది, పోర్షే అంటే భయం, మియాటా అంటే నలుగురూ నవ్వుతారేమో అని అనుమానం. ఇంతే కదా.

సూటిగా చెప్పేస్తా: ఈ రెండిట్లో మియాటా కొనండి. కానీ మీకు అందరూ చెప్పే కారణంతో కాదు. "పోర్షే రోజూ నడిపే బండి కాదు, మియాటా అయితే ప్రాక్టికల్" అని చెప్పేవాళ్లు బహుశా రెండిట్లోనూ సామాను పెట్టి చూసి ఉండరు. రోజూ లోపల కూర్చుని ఆఫీసుకి వెళ్లి రావడానికి కేమనే సౌకర్యం. మియాటా ఎందుకంటే, మీ 30 వేల గీతకి 29 వేల కేమన్ సరిపోదు కాబట్టి. ఆ కేమన్ ధర 25కి దిగినా, మీ గీత 35కి జరిగినా నా జవాబు తిరగబడుతుంది, అప్పుడు కళ్లు మూసుకుని కేమనే అంటాను.

నేను డల్లాస్ వచ్చి చాలా ఏళ్లయింది. ఈ రెండు రకాల బండ్లూ మా ఇంట్లో ఉండేవి, ఇప్పుడు మియాటా మిగిలింది. శనివారాలు తెలిసినవాళ్ల కోసం పాత బండ్లు చూడటానికి వెళ్తుంటాను, మా ఆవిడ దృష్టిలో అది జబ్బు. కాబట్టి కింద రాసేది చాలావరకు చేతుల మీదుగా తెలిసిందే.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే తీర్పు అక్కడే ఉంది. టెక్సస్‌లో సేల్స్ టాక్స్ 6.25 శాతం. 29 వేల మీద అది 1,800 డాలర్ల పైనే, అంటే టైటిల్, అదే బండి యాజమాన్య పత్రం, మీ పేరుకి మారేసరికే మీరు 30 దాటేశారు. ఇంకా ఒక్క టైరు మార్చలేదు, ఆయిల్ మార్చలేదు. మియాటాకి 22 వేల మీద 1,375 పోను మీ దగ్గర ఆరు వేల ఆరొందల దాకా మిగులుతుంది. పాత స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు నేను చూసేది ఈ మిగిలే డబ్బే. కేమన్‌కి కొన్న మొదటి ఏడాదిలో ఖర్చుపెట్టడానికి పక్కన కనీసం మూడు వేలు లేకపోతే ఆ బండి ఎంత బాగున్నా మీకు టెన్షన్ తప్ప సుఖం ఉండదు. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగినప్పుడల్లా బ్యాంకు యాప్ తెరిచి చూసుకుంటూ కూర్చుంటే ఇంక స్పోర్ట్స్ కారు ఎందుకు, కేమ్రీ కొనుక్కోవచ్చు.

ఇంకో చిన్న సంగతి, ప్రైవేటు మనిషి దగ్గర కొంటే చాలామందికి తెలియదు. టాక్స్ మీరు కట్టిన ధర మీదే వేస్తారని గ్యారంటీ లేదు. ప్రభుత్వం ఆ మోడల్‌కి ఒక ప్రామాణిక విలువ పెట్టుకుంటుంది, దాంట్లో 80 శాతం కన్నా మీ ధర తక్కువైతే ఆ 80 శాతం మీద టాక్స్ వేస్తారు. మంచి బేరం దొరికిందని మురిసిపోతూ కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్లినవాళ్లు కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవడం నేను చూశాను. వాదించి లాభం లేదు.

ఇప్పుడు కేమన్ భయాల గురించి. యూట్యూబ్‌లో పోర్షే ఇంజిన్లు పేలిపోయే వీడియోలు చూసి మీరు భయపడుతున్నారని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. ఆ గొడవలో సగం మీ బండికి వర్తించదు. పోర్షే వాళ్లవే పాత బాక్‌స్టర్, పాత 911ల ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటి ఉండేది, దాని బేరింగ్ పోతే ఇంజిన్ మొత్తం పోయినట్టే. 2006 నుంచి 2008 దాకా వచ్చిన కేమన్లలో కూడా ఆ షాఫ్ట్ ఉంది, అయితే అప్పటికి బేరింగ్ పెద్దది పెట్టారు, అది పోవడం బాగా తగ్గింది. ఆ ఏళ్ల కేమన్ ఎస్‌లో, అంటే 3.4 ఇంజిన్లో, అసలు చూసుకోవాల్సింది సిలిండర్ గోడల మీద గీతలు పడటం. 2009 మోడల్ నుంచి ఇంజిన్ కొత్తది, ఆ షాఫ్టే లేదు. మీరు చూస్తున్న 2010 బండి ఈ కొత్త కోవలోది. పైగా 2.9 ఇంజిన్‌కి పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే పద్ధతి లేదు, పాత పద్ధతే, దానివల్ల వాల్వుల మీద మసి పేరుకునే బాధ కూడా తక్కువ. 265 గుర్రాలు. 3.4 ఉన్న ఎస్ కన్నా 55 తక్కువే, కానీ రోజూ నడిపేవాడికి ఈ చిన్న ఇంజినే మేలని నా నమ్మకం.

ఎవరైనా "కాస్త పాతది, 20 వేలకే ఇస్తా" అని 2007, 2008 బండి చూపిస్తే విన్ నంబర్లో, అంటే బండి గుర్తింపు నంబర్లో, పదో అక్షరం చూడండి. 8 ఉంటే 2008, 9 ఉంటే 2009, ఎ ఉంటే 2010. ప్రకటనలో ఏడాది తప్పు రాయడం, తెలిసి రాసినా తెలియక రాసినా, మామూలే.

మరి కేమన్‌కి ఖర్చు ఎక్కడ అంటే, ఇంజిన్ పేలడం దగ్గర కాదు, చుట్టూ ఉన్న వాటి దగ్గర. పదిహేనేళ్ల బండి. కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్, వేడికి పగుళ్లు వస్తాయి. వాటర్ పంపు ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి. ముందు సస్పెన్షన్ ఆర్మ్‌ల బుష్‌లు అరుగుతాయి, స్పీడ్ బ్రేకర్ మీద కిర్రుమంటాయి. ముందు బంపర్‌లో రెండు పక్కలా ఉన్న రేడియేటర్లలో ఆకులూ చెత్తా చేరి అక్కడే తడిసి ముద్దై మెల్లగా తినేస్తాయి, బంపర్ విప్పి శుభ్రం చేస్తే పోయే పని, ఎవరూ చేయరు. క్లచ్ మొదటిదే అయితే 78 వేల దగ్గర దాని రోజులు దగ్గరపడ్డట్టే, గేర్‌బాక్స్ దించాలి, ఇండిపెండెంట్ షాపులో కూడా రెండు మూడు వేలు. ఆయిల్ ఎనిమిది క్వార్ట్ల దాకా పడుతుంది. వెనక టైర్లు వెడల్పు, ముందువి సన్నం, కాబట్టి ముందువి వెనక్కి మార్చుకునే వీలు లేదు, వెనకవి త్వరగా అరుగుతాయి. వీటిలో ఏ ఒక్కటీ దడుచుకోవాల్సింది కాదు. కానీ వరసగా వస్తాయి. నా అంచనాలో ఇలాంటి కేమన్‌ని రోజూ నడిపితే ఏడాదికి సగటున రెండు నుంచి రెండున్నర వేలు పక్కన పెట్టాలి, ఒక ఏడాది ఐదొందలతో పోతుంది, మరుసటి ఏడాది నాలుగు వేలవుతుంది. మియాటాకి టైర్లతో కలిపి ఏడెనిమిది వందలు వేసుకోండి, సరిపోతుంది. పెట్రోలు లెక్క మాత్రం పట్టించుకోవద్దు. కేమన్ గాలన్‌కి 22, మియాటా 29 మైళ్లు ఇస్తాయని అధికారిక లెక్క, ఏడాదికి పది వేల మైళ్లు తిప్పినా తేడా నూట పది గాలన్లు. దీన్ని చూసి ఎవరూ కారు ఎంచుకోకూడదు.

ఆ పది వేల మైళ్ల సంగతే ఇంకోవైపు నుంచి చూడండి. మీ ఆఫీసు ప్రయాణమే ఏడాదికి ఏడు వేల పైన, వారాంతాలు కలిపితే పది. మూడేళ్లకి ఆ కేమన్ 108 వేల దగ్గర ఉంటుంది. లక్ష దాటిన పోర్షే అమ్మడం వేరే కథ, ఫోన్ చేసేవాళ్లే సగమవుతారు. మియాటా అప్పటికి 71 వేలు, ఇంకా మంచి వయసులో ఉన్నట్టే. కేమన్‌ని వారానికి ఒకసారి తీసేవాడికి ఈ బాధ లేదు, ధర నిలబడుతుంది. రోజూ నడిపేవాడు మాత్రం ఆ విలువని మైలుకింత చొప్పున తింటూ పోతాడు.

ఇక రోజువారీ సుఖం. ఇక్కడ చాలామంది తప్పు చెబుతారు. కేమన్ ఇంజిన్ మధ్యలో, మీ వీపు వెనకే ఉంటుంది, దాంతో ముందూ వెనకా రెండు డిక్కీలు వచ్చాయి, రెండూ కలిపి 400 లీటర్ల పైన. ముందుది లోతుగా ఉంటుంది, ఒక క్యాబిన్ సూట్‌కేసు నిలబెట్టొచ్చు. వెనకది పైకెత్తే తలుపు, వారం సరుకులు హాయిగా పడతాయి, అయితే కింద ఇంజిన్ వేడి తగులుతుంది, ఐస్‌క్రీమూ పాలూ ముందు డిక్కీలో పెట్టుకోవాలి. మియాటా డిక్కీ 130 లీటర్లు. సోనా మసూరి ఇరవై పౌండ్ల సంచి పడుకోబెట్టి, పక్కన కూరగాయల కవర్లు సర్దితే అయిపోయింది. గ్లోవ్ బాక్స్ కూడా లేదు, సీట్ల వెనక చిన్న అర ఉంటుంది, లాప్‌టాప్ బ్యాగు పక్క సీట్లో కూర్చుంటుంది, పక్క సీట్లో మనిషి ఎక్కితే బ్యాగు ఆ మనిషి ఒళ్లో.

హైవే మీద తేడా ఇంకా ఎక్కువ. మీ దారి టోల్‌వే, జార్జ్ బుష్ టర్న్‌పైక్, అంటే దాదాపు అంతా 70, 75 మైళ్ల మీద వెళ్లేదే. మియాటా ఆరో గేర్లో 75 దగ్గర మూడు వేల ఆర్‌పీఎం తిరుగుతూ ఉంటుంది, గుడ్డ టాపు మీద గాలి, పక్క లేన్లో లారీ చక్రం మీ చెవి ఎత్తులో. దారిలో స్టాండప్ మీటింగ్‌లో మాట్లాడే అలవాటుంటే మానుకోవాలి, అవతలివాళ్లకి మీ మాట కన్నా రోడ్డే ఎక్కువ వినిపిస్తుంది. కేమన్ కూడా నిశ్శబ్దమైన బండేం కాదు, కానీ గట్టి కప్పు, బరువు 270 కిలోలు ఎక్కువ, 75 మీద స్థిమితంగా కూర్చుంటుంది. అందుకే మియాటా టెస్ట్ డ్రైవ్‌ని అమ్మేవాడి వీధిలో చేసి "అబ్బ ఎంత బాగుందో" అని వచ్చేయొద్దు. టాపు మూసి, 121 హైవే మీద ఇరవై నిమిషాలు, ఆఫీసు టైములో నడపండి. ఆ ఇరవై నిమిషాల తర్వాత తలనొప్పి వస్తే నా సలహా పక్కన పడేయండి. గట్టి టాపు మడుచుకునే ఆర్ఎఫ్ అనే రకం ఉంది, 2017 నుంచి వచ్చింది, టాపు మూస్తే కాస్త మెరుగు. నాకు మాత్రం గుడ్డ టాపే ఇష్టం, సిగ్నల్ దగ్గర కూర్చున్నచోటనుంచే ఒంటిచేత్తో వెనక్కి తోసేయొచ్చు, మోటారు లేదు, పాడయ్యేదీ లేదు.

ఇంత చెప్పి మళ్లీ మియాటా అంటున్నాడేంటి అనిపించొచ్చు. ఎందుకంటే ఈ అసౌకర్యాలన్నీ కొనకముందే ఒక్క గంటలో మీకు తెలిసిపోయేవి. ఓర్చుకోగలరో లేదో అప్పుడే తేల్చుకోవచ్చు. కేమన్ ఖర్చు అలా ముందు తెలియదు, మీ గీత లోపల దానికి చోటు లేదు. పైగా మియాటా 40 మైళ్ల మీద కూడా సరదాగా ఉండే బండి. మన ఊళ్లలో ఏ రోడ్డు మీదా కేమన్‌ని దాని సత్తా మేరకు వాడలేం, మూడో గేరుకే స్పీడ్ లిమిట్ ఎప్పుడో దాటేసి ఉంటుంది. మియాటాలో సబ్‌డివిజన్ మలుపు తిరిగినా ఏదో చేసినట్టు ఉంటుంది. స్టీరింగ్ మాత్రం కేమన్‌దే గొప్ప, ఆ తరంలో ఇంకా హైడ్రాలిక్, రోడ్డు మీద గులకరాయి కూడా వేళ్లకి తెలుస్తుంది. అదొక్కటి తలుచుకుంటే ఇప్పటికీ కేమన్ అమ్మినందుకు కొంచెం బెంగే.

మీరు ఎంచుకున్న ఏడాది కూడా సరైనదే. ఈ తరం మియాటా ఇక్కడ 2016 మోడల్‌గా వచ్చింది, మొదటి మూడేళ్లు 155 గుర్రాలు. 2019లో ఇంజిన్‌ని బాగా మార్చి 181 చేశారు, ఆర్‌పీఎం హద్దు 6,800 నుంచి 7,500కి పెంచారు, స్టీరింగ్‌ని మీవైపు లాక్కునే సౌకర్యం కూడా అప్పుడే వచ్చింది. 2019 బండ్లన్నిట్లో వెనక కెమెరా ఉంటుంది. 2016, 2017 బండ్ల మాన్యువల్ గేర్‌బాక్సులు కొన్ని లోపల పళ్లు విరిగి పోయాయి, కంపెనీ తర్వాత చాలాసార్లు మార్పులు చేస్తూ వచ్చింది. 2019ది గట్టిదే, అయినా చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి, ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు నెమ్మదిగానూ ఒకసారి గట్టిగానూ వేసి చూడండి, గరగర వినిపిస్తే వద్దు. మీరు వెళ్లేసరికే అమ్మేవాడు ఇంజిన్ వేడి చేసి పెట్టాడంటే ఎందుకో అడగండి.

మియాటాలో చూడాల్సినవి ఇంకొన్ని. సీట్ల వెనక కార్పెట్ చేత్తో నొక్కి చూడండి, తడి తగిలితే టాపు నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోయినట్టు. టాపు మడత పడేచోట గుడ్డ అరిగి నూలు కనపడుతోందేమో చూడండి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే కంపెనీవి ఉండాలి. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే నంబరు చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది. 3519 అంటే 2019లో 35వ వారం, అంటే ఇంకా కంపెనీ టైర్లే, పట్టు ఎంత ఉన్నట్టు కనపడినా రబ్బరు గట్టిపడి ఉంటుంది, ధరలో ఆరొందలు తగ్గించమనండి. కిందకి దించిన స్ప్రింగులు, మార్చిన ఎగ్జాస్టు ఉంటే ఒరిజినల్ సామాను దాచాడా అని అడగండి.

వడగళ్ల సంగతి. మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర ఎలా ఉంటుందో మీకు తెలుసు. మియాటా బానెట్, డిక్కీ మూత, ముందు ఫెండర్లు అల్యూమినియం. సొట్టలు తీసేవాళ్లు అల్యూమినియానికి ఎక్కువ తీసుకుంటారు, ఇనుము లాగా సులువుగా వెనక్కి రాదు. గరాజ్‌లో మీ బండికి చోటుందా, లేక ట్రెడ్‌మిల్లూ ఇండియా సూట్‌కేసులూ ఉన్నాయా? చోటు లేకపోతే గుడ్డ టాపు బండి కొనకముందు ఆ గరాజ్ ఖాళీ చేయండి. ఆఫీసులో కప్పున్న పార్కింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి. కొనేటప్పుడు మాత్రం సాయంత్రం ఏటవాలు వెలుతురులో బానెట్ మీద ప్రతిబింబం చూడండి, పాత వడగళ్ల దెబ్బలు అప్పుడే కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం కనపడవు.

ఇన్సూరెన్స్‌కి ఊహలొద్దు, రెండు విన్ నంబర్లూ ఇచ్చి కోట్ తెప్పించుకోండి. పోర్షే అంటే రెట్టింపు అనుకుంటారు, పాతవాటికి చాలాసార్లు అంత తేడా ఉండదు.

మీరు అడగనిది ఒకటి నేను అడుగుతా. మీ ఆవిడకి మాన్యువల్ వచ్చా? డేకేర్ నుంచి పాపకి జ్వరం అని ఫోన్ వచ్చిన రోజు ఆవిడ మీటింగ్‌లో ఉంటే ఏం చేస్తారు? రెండూ రెండు సీట్ల బండ్లే, వెనక సీటు లేదు. చిన్న పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టాలన్నదే అందరు డాక్టర్లూ చెప్పేది, ముందు ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా పెట్టడం నేను సలహా ఇవ్వను. అంటే ఆ రోజు తాళాలు మార్చుకోవాలి, ఆవిడ మీ బండి నడపగలగాలి. ఇండియాలో మాన్యువల్ నేర్చుకున్నవాళ్లు క్లచ్ మర్చిపోరు గానీ అక్కడ ఎడమ చేత్తో వేసిన గేరు ఇక్కడ కుడి చేత్తో వేయాలి, ఒక ఆదివారం ఖాళీ పార్కింగ్ లాట్‌లో తిప్పితే అలవాటవుతుంది. డేకేర్ వంతు మీ ఇద్దరి మధ్యా మారేదైతే మాత్రం ఈ రెండూ వదిలేసి టయోటా 86 గానీ సుబారు బీఆర్‌జెడ్ గానీ చూడండి, రెండూ ఒకే బండి. వెనక సీట్లు పేరుకే ఉన్నా చైల్డ్ సీటు బిగించే కొక్కేలు ఉన్నాయి, ముందు కూర్చున్నవాళ్లు మోకాళ్లు కాస్త ముడుచుకోవాలి. 2013 మోడల్స్‌కి వాల్వు స్ప్రింగుల రీకాల్ వచ్చింది, ఆ ఏడాదిది కాకుండా 2017 తర్వాతిది చూసుకోండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలుంటారు కదా, వాళ్ల గురించి కూడా ఒక మాట. మా నాన్నగారు కేమన్లో కూర్చోవడం వరకు బాగానే కూర్చునేవారు, దిగడమే ఒక కార్యక్రమం, తలుపు పట్టుకుని ఒకరు, చెయ్యి అందించడానికి ఒకరు. మియాటా ఇంకా కింద, మొత్తం ఎత్తే నాలుగు అడుగులకి కాస్త పైన. అయితే టాపు తీసేస్తే ఆయన నిలబడి నేరుగా కాలు బయట పెట్టి లేచేవారు, ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఆయనకే నచ్చింది. మీ ఎత్తు చెప్పలేదు, ఆరడుగుల పైన ఉంటే మియాటా మీకు పట్టకపోవచ్చు, టాపు మూసి కూర్చుని తల పైన ఒక పిడికిలి పడుతుందో లేదో చూసుకోండి.

నా మాట వినకుండా కేమనే కొంటానంటారా, కొనండి, తప్పేం లేదు, కానీ పోర్షే మాత్రమే చూసే ఇండిపెండెంట్ షాపులో తనిఖీ చేయించకుండా ఒక్క డాలరూ ఇవ్వొద్దు. మూడు నుంచి ఐదొందలు అవుతుంది. అమ్మేవాడు చెప్పిన షాపు వద్దు. ఇంజిన్ కంప్యూటర్ నుంచి ఓవర్‌రెవ్ రిపోర్టు తీయమనండి, ఆర్‌పీఎం హద్దు దాటిన సందర్భాలు ఒకటి నుంచి ఆరు శ్రేణులుగా, ఏ గంట దగ్గర జరిగాయో సహా నమోదై ఉంటాయి. ఒకటీ రెండూ శ్రేణుల్లో ఉంటే పరవాలేదు, ఎవరో సరదాగా తొక్కారు. నాలుగు పైన ఉన్నాయంటే ఐదో గేర్లోంచి నాలుగుకి బదులు రెండులోకి వేసి ఉంటారు, అదీ ఈ మధ్య గంటల్లో అయితే వదిలేయడమే. పొద్దున మొదటి స్టార్ట్‌లో తెల్లటి పొగ దట్టంగా వచ్చి ఆగకపోతే ఆయిల్ సెపరేటర్ పోయినట్టు. పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు కూడా పట్టుకెళ్లండి. ఒకసారి ఒకతను "యాక్సిడెంట్ లేదు, కార్‌ఫ్యాక్స్ (బండి చరిత్ర రిపోర్టు) క్లీన్" అని చూపించిన బండికి వెనక ఒక పక్క మొత్తం మిగతా బాడీకి మూడు రెట్ల మందం చూపించింది, మాట్లాడకుండా మీటరు అతని చేతికిచ్చాం, అతనే ధర తగ్గించడం మొదలుపెట్టాడు. సొంత డబ్బుతో బాగు చేయించుకున్న యాక్సిడెంట్లు ఆ రిపోర్టులో చాలాసార్లు రావు. హూస్టన్ వైపు నుంచి వచ్చిన బండి అయితే కార్పెట్ కింద తుప్పు, మట్టి గీత తప్పకుండా చూడండి, 2017లో హార్వీ తుపాను నీళ్లలో మునిగినవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

రెండు బండ్లకీ వర్తించేది ఒకటుంది. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో మామూలు బండ్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు, కానీ కాలిన్, డెంటన్, డల్లాస్, టారెంట్ కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే పాస్ అవ్వదు. కొందరు అమ్మే ముందు రోజు బండి కంప్యూటర్లో లోపాల కోడ్‌లు చెరిపేసి లైటు ఆర్పి చూపిస్తారు. ముప్పై డాలర్ల స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే పొగ పరీక్షల ఫలితాలు, చూడండి, చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే మొన్నే చెరిపారన్నమాట, ఓ వంద మైళ్లు తిరిగాక మళ్లీ వస్తామని చెప్పండి, నిజాయితీపరుడైతే సరే అంటాడు.

నవ్వుతారేమో అన్న సంగతికి జవాబు: కొందరు నవ్వుతారు, పాట్‌లక్‌లో ఎవరో ఒకరు "ఇదేంటి సార్ బొమ్మ కారు" అంటారు, తాళం చేతికిచ్చి ఒక రౌండు తిప్పి రమ్మనండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని, మియాటా అతనికి ఫోన్ చేసి 20,500 దగ్గర మొదలుపెట్టండి, టైర్ల వయసు, రెండో తాళం ఉందా, సర్వీసు కాగితాలు ఉన్నాయా అడగండి, 21 దగ్గర తెగితే మంచి బేరం. కేమన్ అతనికి కూడా 25 వేలు, తనిఖీ నా ఖర్చు అని ఒక మెసేజ్ పెట్టి వదిలేయండి. నెల తర్వాత అతనే పిలిచినా పిలుస్తాడు. ఎవరి దగ్గర కొన్నా టైటిల్ మీద, టైటిల్ మార్పు దరఖాస్తు అయిన 130-యూ ఫారం మీద అమ్మినతని సంతకం అక్కడే పెట్టించుకుని, ముప్పై రోజుల్లోపు కౌంటీ టాక్స్ ఆఫీసులో మార్పించేసుకోండి.